పాత దెబ్బ... కొత్త జబ్బు!

ఈ వారం మీ ఉత్తరాలకు జవాబులు పక్కన పెట్టి, మా యింటి సంగతి ఒకటి చెప్పదలచుకున్నాను. డాక్టరు తన యింటి గుట్టు తానే రచ్చకెక్కించడమేమిటని మీరు అనుకోవచ్చు. ఇందులో నేను చేసిన పొరపాట్లు రెండున్నాయి. అవి తెలిస్తే మీలో కొందరికైనా మేలు జరుగుతుందన్న ఆశతో రాస్తున్నాను. మా అన్నయ్యను అడిగే రాస్తున్నాను. "రాసుకోరా, నా పేరు మాత్రం వెయ్యకు" అన్నాడు.

మా అన్నయ్య పదిహేడేళ్ళు సైన్యంలో పనిచేశాడు. 1986లో చేరి 2003లో పింఛనుతో ఇంటికొచ్చాడు. అక్కడ ఆయన పని లారీ నడపడం. సైన్యానికి కొడుకుల్ని పంపడం మనవాళ్ళకు కొత్తేమీ కాదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు గదా! మాది అంత పేరున్న ఊరు కాకపోయినా, మా వీధిలోనే ముగ్గురు మాజీ సైనికులున్నారు. ఇంటికొచ్చాక అన్నయ్య ఊరికే కూర్చోలేక ఒక స్కూలు బస్సుకి డ్రైవరుగా చేరాడు.

2007 భోగి రోజు తెల్లవారుజామున మంట దగ్గర నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే పడిపోయాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి, నోట్లోంచి నురగ. నేను పరుగెత్తి వెళ్ళేసరికి ఒకరు చేతిలో తాళాలగుత్తి పెట్టారు. ఒకరు ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టారు. ఇంకొకాయన పళ్ళ మధ్య చెంచా దూర్చబోతున్నాడు. మా వదిన ఏడుస్తూ తల పట్టుకుని కూర్చుంది.

ఫిట్స్ వచ్చినప్పుడు ఇవేవీ చెయ్యకూడదండీ. తాళాలు మూర్ఛని ఆపవు. చెంచా పళ్ళు విరగ్గొడుతుంది. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చుట్టుపక్కల నిప్పు, నీళ్ళు, రాళ్ళు వుంటే దూరం చెయ్యండి. తల కింద మెత్తగా తుండు మడిచి పెట్టండి. గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి స్పృహ రాకుండానే రెండోది మొదలైనా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. అన్నయ్యకు రెండు నిమిషాల్లోనే ఆగింది. అరగంటకు తెలివొచ్చి "ఏమైంది? అందరూ నా చుట్టూ చేరారేమిటి?" అని అడిగాడు.

మొదటి పొరపాటు

నలభై దాటిన మనిషికి మొదటిసారి ఫిట్స్ వస్తే ఊరక రాదు, వెనకాల ఏదో వుంటుంది. మత్తు పానీయాలు హఠాత్తుగా మానేసినా రావచ్చు. రక్తంలో చక్కెర పడిపోయినా రావచ్చు. మెదడులో గడ్డ వున్నా, రక్తం గడ్డకట్టినా రావచ్చు. మన దేశంలో ఇంకొకటి చాలా ఎక్కువ. బద్దెపురుగు గుడ్లు సరిగా కడగని కూరల ద్వారా, అశుభ్రమైన చేతుల ద్వారా కడుపులోకి పోతాయి. వాటి పిల్లలు మెదడులో చేరి తిత్తులు కడతాయి. శాకాహారులకు కూడా ఈ బాధ తప్పదు.

నేను ఇవన్నీ వరసగా అడిగాను. ఒక్కటి మాత్రం అడగలేదు. తలకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని అడగలేదు! అన్నయ్యే గదా, ఆయన గురించి నాకు తెలియనిదేముందన్న ధీమా. సొంతవాళ్ళకు వైద్యం చేసేటప్పుడు డాక్టర్లు చేసే పొరపాటు ఇదే. తెలుసుననుకుని అడగం.

విజయవాడలో నరాల వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన స్కానింగు తీయించి, ఫిల్ము దీపం ముందు పెట్టి, నావైపు తిరగకుండానే అడిగాడు: "ఈయనకు తలమీద పెద్ద దెబ్బ ఎప్పుడు తగిలింది?"

"తగల్లేదండీ" అన్నాడు అన్నయ్య.

"అదేమిటండీ?" అంది వదిన తెల్లబోయి. "జమ్మూలో బండి లోయలోకి దొర్లిపోలేదూ! మూడో రోజుక్కదూ మీరు కళ్ళు తెరిచారు!"

అన్నయ్య అబద్ధమాడలేదు. 1996లో కొండదారిలో సామాన్లు తీసుకుపోతున్న లారీ బోల్తాపడింది. ఆ రోజూ, దాని ముందురోజూ, ఆసుపత్రిలో మొదటి వారమూ ఆయన జ్ఞాపకంలో లేనేలేవు. తలకు గట్టి దెబ్బ తగిలిన మనిషికి ఆ దెబ్బే గుర్తుండదు. అంచేత ఇలాంటి జబ్బుల్లో రోగిని ఒక్కణ్ణే అడిగితే చాలదు. పక్కనున్న భార్యనో, తల్లినో, తోటి ఉద్యోగినో అడిగి తీరాలి.

పదేళ్ళ తర్వాత ఎందుకొస్తుంది?

మీకు రావలసిన సందేహమే. దెబ్బ 1996లో తగిలితే జబ్బు 2007లో రావడమేమిటి? మధ్యలో ఆయన బండి నడిపాడు, సెలవుల్లో వచ్చి పొలం పనులు చేశాడు, ఇద్దరు పిల్లల్ని పెంచాడు గదా!

తలకు దెబ్బ తగిలినప్పుడు మెదడు పుర్రెలో ముందుకీ వెనక్కీ ఊగి ఎముకకు కొట్టుకుంటుంది. ముఖ్యంగా నుదుటి వెనక భాగమూ, కణతల దగ్గరి భాగమూ కమిలిపోతాయి. పైన గాయం మానుతుంది, కుట్లు విప్పేస్తారు. లోపల కమిలిన చోట మాత్రం మచ్చ కట్టి మిగిలిపోతుంది. ఆ మచ్చ చుట్టూ వున్న నరకణాలు మెల్లమెల్లగా తమ మధ్య తీగెలు కొత్తగా అల్లుకుంటాయి. ఆ అల్లిక సవ్యంగా కుదరకపోతే ఎప్పుడో ఒకప్పుడు ఒకేసారి నిప్పురవ్వలు చిమ్ముతాయి. అదే మూర్ఛ. ఇందుకు కొందరికి నెలలు పడుతుంది, కొందరికి ఏళ్ళు పడుతుంది.

ఇది నా ఊహ కాదు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో తలకు దెబ్బ తగిలిన 4,541 మందిని ఏళ్ళ తరబడి గమనించి 1998లో లెక్కలు ప్రకటించారు. అరగంటకన్న తక్కువసేపు స్పృహ తప్పిన చిన్న దెబ్బల్లో, ముప్ఫయ్యేళ్ళ లోపల మూర్ఛ వచ్చినవారు నూటికి ఇద్దరు. మెదడు కమిలిపోవడం, లోపల నెత్తురు గడ్డకట్టడం, ఒక రోజు దాటి స్పృహ లేకపోవడం వంటి పెద్ద దెబ్బల్లో అయిదేళ్ళలోపు నూటికి పదిమందికి వచ్చింది, ముప్ఫయ్యేళ్ళకు ఆ లెక్క దాదాపు పదిహేడుకు చేరింది. అంటే పెద్ద దెబ్బ తిన్నవారిలో కొందరికి అయిదేళ్ళు దాటాకే మొదలైందన్నమాట. వియత్నాం యుద్ధంలో మెదడులోకి గాయమైన అమెరికా సైనికుల్ని పరీక్షించినవారు 2010లో రాసినదాని ప్రకారం, మూర్ఛ వచ్చినవారిలో ఎనిమిదోవంతు మందికి మొదటి ఫిట్ పధ్నాలుగేళ్ళు దాటాకే వచ్చింది.

"అప్పుడే మాత్రలు వేసుంటే ఇది రాకపోను గదా?" అని వదిన అడిగింది. లేదు. దెబ్బ తగిలిన మొదటి వారంలో వచ్చే ఫిట్స్‌ని మాత్రలు తగ్గిస్తాయి గాని, తర్వాత రాబోయే మూర్ఛని ఆపలేవని 1990లోనే పరీక్షలు చేసి తేల్చారు. అంచేత ఆనాటి మిలటరీ డాక్టర్ల తప్పేమీ లేదు.

రెండో పొరపాటు

ఫిట్స్ వచ్చిన మనిషి బండి నడపకూడదు. లైసెన్సు కాగితంలోనే ఆ ప్రశ్న వుంటుంది. అన్నయ్య ఆ రోజే బస్సు తాళాలు స్కూలువారికి ఇచ్చేశాడు. ముప్ఫైమంది పిల్లల్ని ఎక్కించుకుని కాలవ గట్టు మీద రోజూ రెండు పూటలా తిప్పిన మనిషి. ఆ భోగి మంట దగ్గర రావలసింది బస్సులో వచ్చివుంటే? ఆ ఆలోచన ఇప్పటికీ నా ఒళ్ళు జలదరింపజేస్తుంది.

జీతం పోయింది. సిపాయి పింఛనుతో ఇద్దరు పిల్లల చదువు నడవాలి. పైగా ఊళ్ళో మాటలు. "మిలటరీలో తాగిన తాగుడికి ఇప్పుడు బయటపడింది" అని కొందరు, "గాలి సోకింది" అని కొందరు. "పిల్లలక్కూడా వస్తుందేమో" అని ఒకావిడ మా వదిన మొహం మీదే అంది. ఆ మాటకే ఆవిడ ఎక్కువ కుమిలిపోయింది.

మన సైన్యంలో ఒక నియమం వుంది. సర్వీసు కారణంగా వచ్చిన, లేదా సర్వీసు వల్ల ముదిరిన వైకల్యానికి, అది 20 శాతానికి తగ్గకుండా వుంటే, మామూలు పింఛను మీద అదనంగా ఇస్తారు. ఇంటికొచ్చాక బయటపడ్డ జబ్బుకు కూడా దారి మూసెయ్యలేదు. 1982 నాటి నియమాల్లో, విడుదలైన ఏడేళ్ళ లోపల వచ్చిన జబ్బు గురించి ప్రత్యేకంగా రాశారు. సర్వీసులో వున్నప్పుడే లోపల మొదలై, ఆలస్యంగా పైకి తేలిన జబ్బు అని వైద్యులు నిర్ధారిస్తే దాన్ని సర్వీసు జబ్బుగానే లెక్కించవచ్చు. అన్నయ్యకు విడుదలైన నాలుగో ఏట వచ్చింది.

అర్జీ పెట్టాం. దానికి జతగా నేను సర్టిఫికెట్టు రాసిచ్చాను. అదెంత గొప్పదో చూడండి: "ఇతనికి వచ్చిన మూర్ఛ సైన్యంలో తగిలిన పాత దెబ్బ వల్లనే వచ్చిందని ధ్రువీకరిస్తున్నాను." ఒకే ఒక వాక్యం. కింద సంతకం, ముద్ర.

2009లో జవాబొచ్చింది. ఇది తత్వరీత్యా వచ్చే జబ్బు, సర్వీసుతో సంబంధం లేదు, అని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అన్నయ్య మాత్రం ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "పోన్లేరా, కాళ్ళూ చేతులూ పోయినవాళ్ళున్నారు. నాదేపాటి?" అన్నాడు.

ఆ రాత్రి నా సర్టిఫికెట్టు నకలు తీసి మళ్ళీ చదివాను. ఆ బల్ల దగ్గర కూర్చున్నది నేనైతే ఒప్పుకుంటానా అని ఆలోచించాను. ఒప్పుకోను! ఏ దెబ్బ, ఏ సంవత్సరం, ఎంత పెద్దది, మధ్యలో ఏం జరిగింది, వేరే కారణం లేదని ఎట్లా తెలిసింది? ఒక్కదానికీ అందులో జవాబు లేదు. "తమ్ముడు కాబట్టి రాశాడు" అనుకుంటారు. నేనే అనుకుందును.

నాలుగు ముడులు

సర్ ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అని ఇంగ్లండులో ఒక మహా గణాంకవేత్త వుండేవాడు. పొగతాగడానికీ ఊపిరితిత్తుల కాన్సరుకీ సంబంధం చూపించినవారిలో ఆయనొకడు. 1965లో ఆయన, ఒకటి మరొకదానికి కారణమని ఎప్పుడు నమ్మవచ్చో వివరంగా రాశాడు. విశేషమేమిటంటే, ఆయన కూడా మొదటి ప్రపంచ యుద్ధంలో నావికాదళపు విమానాల్లో పనిచేస్తూ క్షయ సోకి బయటికొచ్చినవాడే. ఆయన చెప్పింది జనసమూహాల గురించి. ఒక్క మనిషి విషయంలో దాన్ని నేను నాలుగు ముడులుగా అర్థం చేసుకున్నాను. ఈ నాలుగూ పడితేనే దెబ్బకూ జబ్బుకూ మధ్య తాడు నిలుస్తుంది.

మొదటి ముడి: దెబ్బ తగిలిందనీ, అది డ్యూటీలో తగిలిందనీ కాగితం. సైన్యంలో గాయపడితే గాయం రిపోర్టు అని ఒక ఫారం నింపుతారు. ఆ సమయంలో మనిషి డ్యూటీలో వున్నాడా, సొంత పనిమీద వున్నాడా అన్నది అందులో పై అధికారి రాస్తాడు. అది మా దగ్గర లేదు. రికార్డ్స్ ఆఫీసుకు రాశాం. తన వైద్య కాగితాలు తాను అడిగే హక్కు సమాచార చట్టం ఇచ్చింది. కొన్ని నెలలకు నకళ్ళ కట్ట వచ్చింది. డ్యూటీలోనే అని స్పష్టంగా వుంది.

రెండో ముడి: దెబ్బ ఎంత పెద్దది? ఎన్ని గంటలు స్పృహ లేదు, పుర్రె పగిలిందా, మెదడు కమిలిందా? పైన నేను చెప్పిన లెక్కల్లో నూటికి రెండా, పదిహేడా అన్నది దీనిమీదే ఆధారపడుతుంది. మిలటరీ ఆసుపత్రి కాగితంలో స్పృహ లేని గంటలూ, మెదడు ముందు భాగం కమిలినట్టు ఆనాటి స్కానింగూ నమోదై వున్నాయి. 2007 నాటి మచ్చ సరిగ్గా అదే చోట వుంది.

మూడో ముడి: వేరే కారణం లేదని చూపడం. బద్దెపురుగు తిత్తులు స్కానింగులో లేవు. చక్కెర సరిగా వుంది. తాగుడు లేదు. ఇంట్లో ఎవరికీ మూర్ఛ లేదు. చేరేటప్పుడు జరిగిన వైద్యపరీక్షలో ఏ లోపమూ రాయలేదు.

నాలుగో ముడి: మధ్యకాలం. ఇదే మమ్మల్ని ఏడిపించింది. 1996కీ 2007కీ మధ్య పదేళ్ళు ఖాళీ. "ఇన్నేళ్ళు సుఖంగా వున్నాడు గదా" అంటే ఏం చెప్పాలి?

మాడిన వాసన

నకళ్ళ కట్ట ఒక ఆదివారం మా వరండాలో పరిచి ఒక్కొక్కటే చదువుతున్నాను. వదిన పక్కనే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. 2001 నాటి చిన్న చీటీ ఒకటి తగిలింది. చెవి-ముక్కు-గొంతు డాక్టరు రాసింది. "అప్పుడప్పుడు మాడిన వాసన వస్తోందని చెప్తున్నాడు. ముక్కు పరీక్షించాను. ఏ దోషమూ లేదు." అంతే. దానికి ఎవరూ ఏ విలువా ఇవ్వలేదు. నేనూ పక్కన పెట్టబోతూ, ఊరికే పైకి చదివాను.

వదిన చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఆగిపోయింది.

"మాడిన వాసనా? ఆ మాటకు నేనెంత ఏడ్చానో నీకేం తెలుసు! సెలవుకొచ్చినప్పుడల్లా అదే గోల. ఉన్నట్టుండి వంటింట్లోకొచ్చి, 'ఏం మాడ్చావ్?' అనడం. పొయ్యిమీద ఏమీ వుండేది కాదు. లేదంటే వినరు. అట్లా గుడ్లప్పగించి ఒక నిమిషం నిలబడి, పెదాలు చప్పరిస్తూ, మళ్ళీ ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయేవారు. అత్తయ్యగారు కూడా నేనే మాడ్చి దాస్తున్నాననుకునేవారు."

"ఎప్పట్నుంచి వదినా?"

"చిన్నదానికి అన్నప్రాసన చేసిన ఏడు. తొంభై తొమ్మిది."

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. లేని వాసన రావడం, ఒక నిమిషం తెలివి మరపు, పెదాలు చప్పరించడం. ఇది కూడా మూర్ఛే. కిందపడి కొట్టుకునేది పెద్ద మూర్ఛ అయితే ఇది చిన్న మూర్ఛ. కణత దగ్గరి భాగంలోనూ, నుదుటి కింది భాగంలోనూ మచ్చ వుంటే ఇలా రావడం వైద్యగ్రంథాల్లో వున్న విషయమే. తలకు దెబ్బ తగిలినవారికి వాసన తెలిసే నరం దెబ్బతిని వాసనలు తారుమారు కావడమూ వుంది. కాని అది ఎప్పుడూ వుంటుంది. నిమిషంపాటు వచ్చి, మనిషిని మైమరపించి, పోదు.

అంటే జబ్బు 2007లో రాలేదు. సర్వీసులో వుండగానే మొదలైంది. వదిన దాన్ని ఎనిమిదేళ్ళు చూసింది. అది జబ్బని తెలియక తన వంటకు వచ్చిన నింద అనుకుని మింగేసింది. నేనూ ఆ ఇంట్లోనే భోంచేశాను. "వదినా, ఏదో మాడినట్టుందే" అని నవ్వినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

రెండో సర్టిఫికెట్టు రెండు పేజీలు రాశాను. నాలుగు ముడులూ, ఏ కాగితం ఏ తేదీదో, అన్నీ వరసగా. వదిన చూసింది ఆమె మాటల్లోనే రాసి ఆమె చేత సంతకం చేయించాను. విజయవాడ డాక్టరు కూడా తన అభిప్రాయం కారణాలతో సహా విడిగా రాసిచ్చారు. తెలియనిది తెలియదనే రాశాను. "నూటికి నూరుపాళ్ళు ఇదే కారణమని ఎవరూ చెప్పలేరు. కాని మచ్చ వున్న చోటూ, లక్షణాలూ, కాలక్రమమూ ఈ దెబ్బనే చూపుతున్నాయి. వేరే కారణం దొరకలేదు" అని ముగించాను. అప్పీలు వేశాం. మెడికల్ బోర్డు మళ్ళీ పరీక్షించింది. బోర్డులోని డాక్టరు అన్నయ్యనొదిలి వదిననే ఎక్కువసేపు అడిగారట. 2011లో మంజూరైంది.

డబ్బు గొప్పదేమీ కాదు. ఆ ఉత్తరం వచ్చిన రోజు మాత్రం అన్నయ్య వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "ఇన్నేళ్ళూ నిన్ను ఊరికే తిట్టాను" అన్నాడు. వదిన వెనక్కి తిరక్కుండా, "ఇప్పుడు నిజంగానే మాడుతోంది, తప్పుకోండి" అంది.

మీరు గుర్తుంచుకోవలసినవి

నియమాల సంగతి కొంచెం చెప్తాను. 2013 జూలై 2న ధరమ్‌వీర్ సింగ్ అనే సైనికుడి కేసులో సుప్రీంకోర్టు ముఖ్యమైన తీర్పు చెప్పింది. ఆయన జబ్బూ మూర్ఛే. చేరేటప్పుడు ఏ లోపమూ నమోదు కాకుండా, తర్వాత జబ్బు కారణంగా సైన్యంలోంచి పంపేస్తే, అది సర్వీసు వల్ల వచ్చిందనే ముందు భావించాలి. కాదనే బోర్డు కారణాలు రాయాలి. రుజువు చేసే భారం సైనికుడి మీద లేదు. ఇదీ తీర్పు సారాంశం. కాని మా అన్నయ్యలాగా ఇంటికొచ్చాక బయటపడ్డవారికి దారి ఇంత సులభం కాదు. ముడులు మనమే వెయ్యాలి. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నియమాలు వచ్చాయి. అప్పట్నుంచి సర్వీసు ముగించినవారు వాటినే చూసుకోవాలి. అర్జీ తిరస్కరిస్తే అప్పీలు వుంది. ఆ పైన 2007 చట్టం కింద ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్ వుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి.

మరొక మాట. పాత దెబ్బ వున్నంతమాత్రాన ప్రతి జబ్బూ దానివల్ల వచ్చినట్టు కాదు. నా రెండు పేజీల సంగతి విని ఒక మాజీ సైనికుడు వచ్చారు. సర్వీసులో కాలివేలు విరిగిందట, ఇప్పుడు చక్కెర జబ్బు వచ్చిందట. "కలిపి రాయండి డాక్టరుగారూ" అన్నారు. రాయలేదు. విరిగిన వేలు చక్కెర జబ్బు తెప్పించదు. ఆయనకు కోపం వచ్చింది. కాని డాక్టరు అడిగినవారందరికీ రాసిస్తే, నిజంగా దెబ్బ తిన్నవాడి కాగితానికి విలువ పోతుంది.

సైన్యంలోనే కాదు, ఫాక్టరీలోనో, గనిలోనో, రైల్వేలోనో పనిచేసేవారు మీ ఇంట్లో వుంటే ఈ నాలుగు పనులు చెయ్యండి.

పని చేసేచోట దెబ్బ తగిలితే, చిన్నదైనా సరే, ఆ రోజే కాగితం మీద పెట్టించండి. "పోన్లే, మానిపోయింది" అనుకోవద్దు. ఆసుపత్రినుంచి వచ్చేటప్పుడు ఇచ్చే చీటీలో ఎంతసేపు స్పృహ లేదో, ఏ భాగానికి దెబ్బో రాశారా లేదా చూసుకోండి.

కాగితాల నకళ్ళు తీసి రెండుచోట్ల దాచండి. సర్వీసునుంచి విడుదలయ్యే ముందు జరిగే వైద్యపరీక్షలో చిన్న బాధలు కూడా దాచకుండా చెప్పండి. "ఏమీ లేదు సార్" అని చెప్పి త్వరగా ఇంటి బండి ఎక్కాలనే ఆత్రంలో చాలామంది నష్టపోతున్నారు.

డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు పాత దెబ్బల సంగతి అడక్కపోయినా చెప్పండి. ఇంట్లో మనిషిని వెంట తీసుకెళ్ళండి. ఉన్నట్టుండి చూపు నిలిచిపోవడం, లేని వాసన రావడం, మాట మధ్యలో ఆగి మళ్ళీ అందుకోవడం కనిపిస్తే తేదీ వేసి ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి.

ఫిట్స్‌కి మాత్రలు మొదలుపెట్టాక, తగ్గిందని సొంతంగా మానెయ్యకండి. హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం వుంది. బావిగట్టు, చెరువు స్నానం, చెట్లెక్కడం, బండి నడపడం డాక్టరు సరే అనేదాకా వద్దు. మాజీ సైనికులకు 2003లో మొదలైన ఇ.సి.హెచ్.ఎస్. పథకం కింద వైద్యం దొరుకుతుంది. కార్డు లేనివారు తీసుకోండి.

మా అన్నయ్యకు మాత్రలతో ఏళ్ళుగా ఫిట్ లేదు. బస్సు మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు. పొద్దున్నే స్కూలు గేటు దగ్గర నిలబడి పిల్లల్ని రోడ్డు దాటిస్తాడు. పిల్లలు ఆయన్ని 'మిలటరీ తాతయ్యా' అంటారు.

మీ ఇంట్లో కూడా సర్వీసులో చేసినవారి ట్రంకుపెట్టె ఒకటి అటకమీద వుండేవుంటుంది. ఈ ఆదివారం దాన్ని దించి, కాగితాలన్నీ తీసి పైకి చదవండి. చదివేటప్పుడు ఇంటి ఇల్లాలిని పక్కన కూర్చోబెట్టుకోవడం మాత్రం మరిచిపోకండి.